మట్టి ఛాయ ఉన్న ఆకుపచ్చ: ఇంటి గోడలకు ఎలా ఎంచుకోవాలి, ఎలా వేయాలి

షేడ్ కార్డులో ముచ్చటగా కనిపించిన ఆకుపచ్చ గోడ ఎక్కాక వేరే రంగైపోయిందని వాపోయేవాళ్లు చాలామంది. దీనికి కారణం ఉంది. మట్టి ఛాయ ఉన్న ఆకుపచ్చలో రెండు రంగులు ఎప్పుడూ పోటీ పడుతుంటాయి. ఒకటి పచ్చదనం, రెండోది దాన్ని అణచిపెట్టే మట్టి. కిటికీలోంచి వచ్చే వెలుతురు, నేల రంగు, బల్బు, ఎదురుగా ఉన్న సోఫా... వీటిలో ఏది మారినా ఆ తూకం ఒక పక్కకి ఒరుగుతుంది. ఉదయం అందంగా ఉన్న గోడ రాత్రికి బురదలా కనిపించడం ఇందుకే. రంగు ఎంచుకునేటప్పుడూ, వేసేటప్పుడూ, వేశాక గది సర్దుకునేటప్పుడూ ఈ తూకాన్నే గమనించాలి.

1. ముందు లోపలి మట్టి ఏదో గుర్తుపట్టండి

దుకాణంలో పెట్టే పేర్లను నమ్ముకోకండి. ఒక కంపెనీ సేజ్ అన్నది ఇంకో కంపెనీ కార్డులో ఆలివ్‌గా ఉంటుంది. లోపల కలిసిన మట్టిని బట్టి మూడు కుటుంబాలుగా చూసుకుంటే చాలు.

ఆలివ్‌లో పసుపు మట్టి, నలుపు ఉంటాయి. పసుపు ఆక్సైడ్‌లో, అంటే ఇనుము నుంచి వచ్చే పసుపు మట్టి రంగులో, కాస్త నలుపు కలిపితే ఆకుపచ్చ చుక్క వేయకుండానే ఆలివ్ లాంటి రంగు వచ్చేస్తుంది. అందుకే ఈ కుటుంబం పసుపు వెలుతురులో ఇట్టే గోధుమ వైపు జారిపోతుంది. సేజ్‌లో బూడిద ఎక్కువ, అడుగున కాస్త నీలం ఉంటుంది. ఇది చల్లని వెలుతురులో ఉత్త బూడిదైపోతుంది. నాచు రంగులో గోధుమ, నలుపు రెండూ గట్టిగా కలిసి ఉంటాయి. చీకటి గదిలో దీన్నీ నలుపునీ విడదీసి చెప్పడం కష్టం.

షేడ్ కార్డులోని రంగు చీటీని విడిగా చేతిలో పట్టుకుని చూస్తే అన్నీ ఆకుపచ్చగానే కనిపిస్తాయి. తెల్లకాగితం మీద పెట్టి, పక్కన మట్టి ఏమీ కలవని ఆకుపచ్చ చీటీ ఒకటి ఉంచండి. వెంటనే ఒకదాంట్లో గోధుమ, ఒకదాంట్లో బూడిద, ఇంకోదాంట్లో నీలం బయటపడతాయి. మరో దారి కూడా ఉంది. కార్డులో ఒకే పట్టీలో లేతవి పైన, ముదురువి కింద ఉంటాయి కదా, మీకు నచ్చింది లేతదే అయినా ఆ పట్టీలో అన్నిటికంటే ముదురు గడి చూడండి. లేత రంగులో దాక్కున్న ఛాయ అక్కడ తేటగా తెలుస్తుంది.

రంగు కలిపే యంత్రం దగ్గర ఇంకో మాట అడగండి. ఈ షేడ్‌లో పసుపు దేనితో వస్తోంది, ఇనుము నుంచి వచ్చే ఐరన్ ఆక్సైడ్‌తోనా, లేక కార్బన్ ఆధారంగా తయారుచేసే సేంద్రియ పసుపుతోనా? ఐరన్ ఆక్సైడ్ ఎండకీ, గోడలోని సున్నపు ఘాటుకీ తట్టుకుంటుంది. కొన్ని సేంద్రియ పసుపులు తట్టుకోవు. పసుపు వెలిసిపోతే మీ ఆలివ్ నీలి బూడిదగా మిగులుతుంది. రోజూ ఎండ పడే గోడకి ఇది చిన్న విషయం కాదు.

2. గదిలో వెలుతురు ఎటునుంచి వస్తోంది?

ఒక రోజంతా గదిని గమనించండి. నేరుగా ఎండ పడని గదిలోకి ఆకాశపు వెలుతురే వస్తుంది, అది నీలంగా ఉంటుంది. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉండేవారికి ఉత్తరపు కిటికీ, దక్షిణాన ఉండేవారికి దక్షిణపు కిటికీ ఏడాదిలో ఎక్కువకాలం ఇలాంటివే. ఈ గదులకి సేజ్ వేస్తే చలిపుట్టే బూడిదగా మారుతుంది. పసుపు మట్టి ఉన్న ఆలివ్ ఇక్కడ చక్కగా నిలుస్తుంది, నీలి వెలుతురు దాని గోధుమతనాన్ని సరిగ్గా కోసేస్తుంది.

పడమటి కిటికీ ఉంటే సాయంత్రం నారింజ వెలుతురు లోపలికి వస్తుంది. ఆలివ్ వేస్తే ఆ రెండు గంటలూ గోడ గోధుమ రంగే. బూడిద ఎక్కువున్న సేజ్ వేస్తే మాత్రం అదే వెలుతురులో హాయిగా వెచ్చబడుతుంది. కిటికీ బయట దట్టంగా చెట్లున్నాయా, ఎదురుగా ఇటుక గోడ ఉందా అన్నదీ చూడండి. చెట్ల మీదుగా వచ్చే వెలుతురే ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి మీరు అనుకున్నదానికంటే ఒక మెట్టు బూడిద ఎక్కువున్న షేడ్ తీసుకోవాలి.

నేలని చాలామంది మరచిపోతారు. ఎర్రటి నేల మీద పడిన ఎండ గోడ అడుగుభాగానికి ఎరుపు విసురుతుంది. ఎరుపు, ఆకుపచ్చ ఒకదాన్నొకటి చంపుకునే రంగులు కాబట్టి గోడ కింది రెండు మూడు అడుగులు మురికిపట్టినట్టు కనిపిస్తాయి. అలాంటి నేల ఉంటే మట్టి తక్కువ, పచ్చదనం కాస్త ఎక్కువ ఉన్న షేడ్ ఎంచుకోండి. మిగతా పని నేలే చేసిపెడుతుంది. బూడిద రంగు టైల్స్ ఉంటే దీనికి తిరగేసి ఆలోచించాలి, పసుపు మట్టి ఉన్నది కావాలి.

3. ఎంత ముదురు?

చాలా కంపెనీల కార్డు వెనక ఎల్‌ఆర్‌వి అని ఒక అంకె ఉంటుంది. ఆ రంగు తన మీద పడిన వెలుతురులో ఎంత భాగాన్ని తిప్పి పంపుతుందో అది చెబుతుంది. 0 అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. లేత సేజ్ సాధారణంగా 45 నుంచి 60 మధ్య, ఆలివ్ 15 నుంచి 30 మధ్య, నాచు రంగు 6 నుంచి 12 మధ్య ఉంటాయి.

ఒకే కిటికీ ఉన్న గదికి నాలుగు గోడలూ వేయాలనుకుంటే 40కి తగ్గకండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. నాలుగు గోడలకీ ఒకే రంగు ఉంటే ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి తిరిగి వస్తుంది, అలా తిరిగిన ప్రతిసారీ ఇంకాస్త గాఢమవుతుంది. అందువల్ల చీటీలో చూసినదానికంటే గదిలో రంగు ముదురుగా, పచ్చగా కనిపిస్తుంది. రెండు షేడ్‌ల మధ్య ఊగుతుంటే లేతదీ, బూడిద ఎక్కువదీ తీసుకోండి. చీటీలో కాస్త నీరసంగా అనిపించిన ఆకుపచ్చే నాలుగు గోడల మీద సరిగ్గా సరిపోతుంది.

ఇరుకు గదికి ముదురు పనికిరాదన్న మాట మాత్రం మొత్తంగా నిజం కాదు. రాత్రిపూటే ఎక్కువగా వాడే చిన్న గదికి, చదువుకునే మూలకి, నడవాకి నాచు రంగు బాగా నప్పుతుంది. పగటి వెలుతురు కోసం తపించే గదిలోనే అది బరువవుతుంది.

4. నమూనా పలక తయారు చేసుకోండి

గోడ మీద నేరుగా నాలుగు చోట్ల బ్రష్‌తో గీసి చూడటం అందరూ చేసే పనే, అందరినీ మోసం చేసే పని కూడా. పాత రంగు పక్కన ఉన్నంతసేపూ కొత్త రంగు దానికి ఎదురుగా లాగబడుతుంది. పాత గోడ గులాబీ ఛాయలో ఉంటే ఏ ఆకుపచ్చైనా దాని పక్కన మరింత పచ్చగా కనిపిస్తుంది. పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఇలా మార్చేస్తాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ 1839లోనే వివరంగా రాశాడు. పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకం వ్యవహారాలు చూసేటప్పుడు, నల్లదారం సరిగా నల్లగా లేదని వచ్చిన ఫిర్యాదుల వెనక ఉన్నది అద్దకం లోపం కాదని, పక్క రంగుల ప్రభావమని ఆయన తేల్చాడు.

ఇలా చేయండి. రెండడుగుల చదరం ఉన్న గట్టి అట్టలు లేదా పలచని ప్లైవుడ్ ముక్కలు తీసుకుని తెల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) వేయండి. ఒక్కో షేడ్ 200 మిల్లీలీటర్ల చిన్న డబ్బా చాలు. అంచు దాకా, రెండు కోట్లు, గోడకి వాడబోయే రోలర్‌తోనే వేయండి. తడిగా ఉన్నప్పటి రంగుని లెక్కలోకి తీసుకోకండి. ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ పెయింట్) ఆరాక సాధారణంగా ఒక మెట్టు ముదురుతుంది. ఒక రాత్రి ఆగండి.

ఆ పలకని గదిలో తిప్పండి. కిటికీ పక్క గోడ మీద, కిటికీకి ఎదురు గోడ మీద, మూలలో, నేలకి ఆనించి, సోఫా వెనక పెట్టి చూడండి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, సంధ్యవేళ, రాత్రి లైట్లు వేశాక... నాలుగు వేళలా చూడాలి. కర్టెన్ గుడ్డ, సోఫా గుడ్డ, తలుపు చెక్క కూడా పక్కన పెట్టండి. సంధ్యవేళ పరీక్ష మానొద్దు. మసక వెలుతురులో మన కంటికి ఎరుపు రంగులు త్వరగా నల్లబడతాయి, ఆకుపచ్చ మరికాసేపు నిలుస్తుంది. గోడ బాగానే ఉండి పక్కనున్న ఇటుక రంగు కుర్చీ మాత్రం నల్ల ముద్దలా కనిపించే సమయం అదే.

5. ఎక్కడ వేయాలి

ఒక్క గోడకి వేసి మిగతా మూడూ తెల్లగా వదిలేయడం ఈ రంగుకి అంతగా నప్పదు. ప్రకాశవంతమైన రంగులు ఒంటరిగా నిలబడి చూపుని లాగగలవు. మట్టి ఆకుపచ్చ స్వభావం చుట్టూ పరుచుకోవడం. తెల్ల గోడల మధ్య ఒంటరిగా ఉంటే మురికిగానో, పని సగంలో ఆపేసినట్టో కనిపిస్తుంది. ఒక్క గోడే వేయాలనుకుంటే మిగతా మూడిటి తెలుపుని తగ్గించి, పసుపు ఛాయ ఉన్న మీగడ రంగుకి తెండి.

నాలుగు గోడలూ వద్దనుకునేవారికి మంచి దారి కింది భాగానికి ఆకుపచ్చ, పై భాగానికి మీగడ రంగు. గీత సరిగ్గా సగంలో పెట్టకండి, గది రెండు ముక్కలైనట్టు కనిపిస్తుంది. పదడుగుల గోడకి నేల నుంచి 36 నుంచి 42 అంగుళాల ఎత్తు సరిపోతుంది. ఆ దగ్గర్లోనే కిటికీ అడుగు అంచు ఉంటే గీతని దానికే కలిపేయండి. పిల్లల చేతులు, కుర్చీల వీపులు తగిలే భాగం ముదురు రంగులో ఉండటం అదనపు లాభం.

గోడ, తలుపు, ద్వారబంధం, స్కర్టింగ్ (గోడ అడుగున నేలని ఆనుకుని ఉండే పట్టీ) అన్నీ ఒకే ఆకుపచ్చలో ముంచెత్తడం ఇంకో పద్ధతి. గదిలో గీతలు ఎక్కువై గజిబిజిగా ఉంటే ఇది వాటిని మింగేస్తుంది. అప్పుడు గోడకి మెరుపు లేని మ్యాట్, చెక్కకి అదే షేడ్‌లో కాస్త మెరిసే సెమీ గ్లాస్ వాడండి. మెరుపులో తేడా ఉంటేనే అంచులు తెలుస్తాయి.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో చూసుకోవాలంటే పుస్తకాల అర లోపలి వెనక పలకకి వేయండి. నచ్చకపోతే ఒక పూటలో మార్చేయొచ్చు.

జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది: మొహం చూసుకునే అద్దం దగ్గరి గోడలు. ఆకుపచ్చ గోడ మీంచి వచ్చిన వెలుతురు చర్మం మీద పడితే మనిషి జబ్బుపడి లేచినట్టు కనిపిస్తాడు. మధ్యయుగపు ఇటలీ చిత్రకారులు ముఖాలకి అడుగున ఆకుపచ్చ మట్టి రంగు పూసి, దానిపైన గులాబీ వేసేవారు. పై పొర అరిగిపోయిన బొమ్మల్లో ఇప్పుడు ముఖాలు పచ్చగా కనిపిస్తాయి. మీ స్నానాల గది అద్దంలో అదే జరుగుతుంది. అక్కడ అద్దం దగ్గరి గోడల్ని లేత రంగులో వదిలేయండి.

6. ఎంత రంగు కొనాలి

12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదిని ఉదాహరణగా తీసుకుందాం. చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తుతో గుణిస్తే 440 చదరపు అడుగులు. ఒక తలుపు 7×3, అంటే 21. రెండు కిటికీలు 4×4 చొప్పున 32. ఇవి తీసేస్తే 387 చదరపు అడుగులు మిగులుతాయి.

నున్నటి గోడ మీద లీటరు ఎమల్షన్ ఒక కోటుకి 100 నుంచి 120 చదరపు అడుగులు వస్తుంది. 110 అనుకుంటే రెండు కోట్లకి 7 లీటర్ల పైచిలుకు. రోలర్‌లో, బకెట్‌లో మిగిలిపోయేదానికి పది శాతం కలిపి 8 లీటర్లు తెచ్చుకోండి. ముదురు నాచు రంగైతే మూడో కోటు తప్పదనుకుని 12 లీటర్లు లెక్క వేసుకోవాలి. ప్రైమర్ ఒక కోటుకి 4 లీటర్లు. గరుకు గోడైతే ఈ అంకెలన్నిటికీ ఇంకో పాతిక శాతం కలపండి.

ముదురు రంగుకి ఎక్కువ కోట్లు ఎందుకంటే, ఆ డబ్బాలోని బేస్‌లో, అంటే రంగు ద్రవం పోయకముందున్న పెయింట్‌లో, టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి చాలా తక్కువ. అడుగున ఉన్నదాన్ని కప్పేసే పని ప్రధానంగా చేసేది అదే. దాని స్థానంలో పోసిన రంగు ద్రవం ఛాయనిస్తుంది గాని అంతగా కప్పదు. కంపెనీ తక్కువరకం ఇచ్చిందేమో అనుకుని మొదటి కోటు చూసి కంగారుపడకండి.

మొత్తం ఒకేసారి, ఒకే బ్యాచ్ నంబరుతో కలిపించండి. తక్కువైందని వారం తర్వాత ఒక లీటరు తెస్తే అది రవ్వంత తేడాగా రావచ్చు. ఒకే గోడ మీద పక్కపక్కన ఉంటే చిన్న తేడా కూడా కంటికి తెలుస్తుంది.

7. గోడని సిద్ధం చేయడం

లేత తెలుపు దాచే లోపాలన్నిటినీ ముదురు ఆకుపచ్చ ఎత్తి చూపిస్తుంది. కాబట్టి ఈ మెట్టు దగ్గర తొందరపడకండి.

కొత్త ప్లాస్టరు కనీసం 28 రోజులు ఆరాలి. చెమ్మ ఉందో లేదో తెలియకపోతే రెండడుగుల ప్లాస్టిక్ షీటు ముక్కని నాలుగు అంచులా టేపుతో గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు లోపల నీటి బిందువులో, గోడ మీద ముదురు మచ్చో ఉంటే ఇంకా ఆగాలి. పచ్చి గోడ మీద ఆకుపచ్చ వేస్తే తెల్లటి ఉప్పు పొడి పైకి తేలి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. తెల్ల గోడ మీద ఇది ఎవరికీ తెలియదు, ముదురు గోడ మీద ఆమడ దూరం నుంచి తెలుస్తుంది. పైపు కారడం లాంటి కారణం ఉంటే ముందు దాన్ని బాగుచేయించండి. చెమ్మని ఏ పెయింటూ ఆపలేదు.

పాత సున్నం ఉంటే పూర్తిగా గీకేయాలి. గోడ మీద అరచేతితో రుద్దితే తెల్లగా అంటుకుందా? అయితే పైన ఏది వేసినా పొరలుగా ఊడుతుంది. పాతకాలపు ఇల్లైతే లోపలి పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పొడిగా గీకి దుమ్ము లేపకండి. పరీక్ష చేయించి, నిపుణుల చేతే తీయించండి.

పగుళ్లని కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, నింపండి. గోడంతా సమం చేయాలంటే లప్పం రెండు పలచటి కోట్లు వేయండి. ఒక్కటే మందంగా వేస్తే ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది. సిమెంటు ఆధారిత లప్పం రెండు కోట్లకి కిలోకు సుమారు 13 నుంచి 20 చదరపు అడుగులు వస్తుంది, అంటే మన ఉదాహరణ గదికి 20 నుంచి 30 కిలోలు. ఆరాక 180 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 220తో రుద్దండి, ముక్కుకి మాస్కు కట్టుకుని. గది చీకటి చేసి టార్చి లైటుని గోడకి ఆనించి పక్కవాటుగా వేస్తే గుంటలు, గీతలు నీడలతో సహా కనిపిస్తాయి. ఆ చోట్ల పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి మళ్లీ లప్పం అద్దండి. చివరగా తడిగుడ్డతో దుమ్ము తుడిచి ఆరనివ్వండి.

ఎల్‌ఆర్‌వి 30 కంటే తక్కువున్న షేడ్ అయితే ప్రైమర్‌ని మధ్యస్థ బూడిద రంగులో కలిపించండి. తెల్ల ప్రైమర్ మీద ముదురు ఆకుపచ్చ రెండు కోట్లు వేసినా లోపలి తెలుపు తొంగిచూస్తుంది. బూడిద ప్రైమర్ చాలాసార్లు మూడో కోటు అవసరాన్నే తప్పిస్తుంది. లప్పం పెట్టిన చోట్లకి మాత్రమే ప్రైమర్ వేసి సరిపెట్టకండి. గోడంతా ఒకేలా పీల్చుకోకపోతే పైరంగు ఆ చోట్ల మసకగా, మిగతా చోట్ల మెరుపుగా తేలుతుంది.

8. రంగు వేసే రోజు

గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి, ముసురు పట్టిన రోజు వద్దు. ఫ్యాను ఆపేయండి. గాలికి అంచులు త్వరగా ఆరిపోతాయి, అక్కడే చారలు పడతాయి.

ఉన్న డబ్బాలన్నిటినీ ఒక పెద్ద బకెట్‌లోకి ఒంపి కలపండి. బ్యాచ్ ఒకటే అయినా డబ్బాకీ డబ్బాకీ తేడా ఉంటుంది, ఆ తేడా గోడ మధ్యలో బయటపడకూడదు. కర్రతో అడుగు నుంచి తీస్తూ కనీసం ఐదు నిమిషాలు కలపండి. ఆక్సైడ్ రంగులు బరువు, అడుక్కి దిగిపోతాయి. పని మధ్యలో కూడా గంటకోసారి కలుపుతుండాలి. నీళ్లు డబ్బా మీద రాసినంతే. బాగా జారుతుందని ఎక్కువ పోస్తే కప్పే శక్తి ఇంకా తగ్గి, చారలు మిగులుతాయి.

రెండున్నర అంగుళాల బ్రష్‌తో అంచులు, తొమ్మిది అంగుళాల రోలర్‌తో గోడ. నున్నటి గోడకి 10 నుంచి 12 మిల్లీమీటర్ల నూగు ఉన్న రోలర్ సరిపోతుంది. కొత్త రోలర్‌ని తడిపి, పిండి, ఊడిన నూగుని టేపుతో తీసేయండి, లేదంటే ఆ పోగులు గోడకి అంటుకుని అలాగే ఉండిపోతాయి.

ఒకసారికి ఒకే గోడ. గది నాలుగు గోడలకీ ముందుగా అంచులు గీసేసి తర్వాత రోలర్ పట్టుకోవడం పెద్ద పొరపాటు. ఆరిన అంచు మీద రోలర్ నడిస్తే చిత్రానికి చట్రం కట్టినట్టు గోడ చుట్టూ ముదురు పట్టీ మిగులుతుంది. మట్టి ఆకుపచ్చలో ఇది మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఒక గోడ అంచు గీయండి, తడి ఆరకముందే రోలర్‌ని అంచుకి రెండంగుళాల దాకా తీసుకెళ్లండి.

మూడడుగుల వెడల్పు పట్టీలుగా, పైనుంచి కిందికి వేస్తూ వెళ్లండి. ప్రతి పట్టీ చివర రోలర్‌ని రంగులో ముంచకుండా, తేలిగ్గా, పైనుంచి కిందికి ఒక్కసారి నడపండి. అన్ని పట్టీల్లోనూ ఆఖరి నడక ఒకే దిశలో ఉండాలి. తర్వాతి పట్టీ ముందరి తడి అంచుని నాలుగంగుళాలు కప్పుతూ మొదలవ్వాలి. ఫోన్ మోగినా గోడ మధ్యలో ఆపొద్దు, ఆపితే మూల దగ్గరే ఆపండి. ఆరుతున్న చోట ఖాళీ కనిపించినా మళ్లీ వెళ్లి దిద్దకండి, రెండో కోటు దాన్ని సరిచేస్తుంది.

కోటుకీ కోటుకీ మధ్య నాలుగు గంటలు, ముదురు షేడ్ అయితే ఆరు గంటలు ఇవ్వండి. ముదురు రంగుల్లో కలిసిన ద్రవాలు నెమ్మదిగా ఆరతాయి. పైకి ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉంటుంది, ఆ స్థితిలో రోలర్ నడిపితే కింది కోటు పెచ్చులుగా లేస్తుంది.

రెండు రంగులు కలిసే గీత దగ్గర ఒక చిట్కా. టేపు అంటించాక దాని అంచు మీద ముందు పై రంగునే, అంటే ఇప్పటికే ఉన్న మీగడ రంగునే, పలచగా పూసి ఆరనివ్వండి. టేపు కిందికి ఏదైనా కారితే ఆ మీగడ రంగే కారి సందు మూసుకుపోతుంది. ఆపైన ఆకుపచ్చ వేయండి. ఆఖరి కోటు ఇంకా కాస్త తడిగా ఉండగానే టేపుని నెమ్మదిగా, ఏటవాలుగా వెనక్కి లాగండి. మర్నాటికి వదిలేస్తే రంగు పొర కూడా దాంతో లేచొస్తుంది.

9. సీలింగు, తలుపులు

నీలం ఛాయ ఉన్న మెరిసే తెలుపుని ఈ ఆకుపచ్చ పక్కన పెట్టకండి. దాని ముందు మట్టి ఛాయ మాసినట్టు కనిపిస్తుంది. సీలింగుకి, చట్రాలకి రవ్వంత పసుపు కలిసిన తెలుపు తీసుకోండి. గోడ రంగునే తెల్ల బేస్‌లో పావు వంతు ఫార్ములాతో కలిపించి సీలింగుకి వేసే పద్ధతీ ఉంది. కానీ తెలుపు కలిసే కొద్దీ రంగు చల్లబడుతుంది, ఆలివ్ కాస్తా బూడిదగా తేలొచ్చు. పలక మీద చూసుకోకుండా ఒప్పుకోవద్దు.

10. బల్బు, గుడ్డ, చెక్క

బల్బు మార్చకుండా గోడ రంగుని తప్పుపట్టకండి. బల్బు వెలుతురు రంగుని కెల్విన్ అంకెతో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు తిరుగుతుంది. 6500 కెల్విన్ తెల్ల బల్బు కింద ఆలివ్ పాలిపోయినట్టు ఉంటుంది. 2700 కింద సేజ్‌లోని నీలం మాయమై, గోధుమ కలిసిన బూడిద మిగులుతుంది, ఆలివ్ ఆవపిండి వైపు వెళుతుంది. ఎక్కువ గదులకి 3000 నుంచి 3500 మధ్య సరిగ్గా ఉంటుంది. అంతకంటే ముఖ్యం డబ్బా మీద సీఆర్ఐ అంకె, అంటే ఆ వెలుతురు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 దాటి ఉండటం. అది తక్కువైతే గోడ, చెక్క రెండూ జీవం లేనట్టు కనిపిస్తాయి. ఒకే గదిలో రెండు రకాల బల్బులు కలపకండి, ఒకే గోడ రెండు రంగుల్లో కనిపిస్తుంది.

ఎర్రటి ఛాయ ఉన్న చెక్క సేజ్ పక్కన మెరుస్తుంది. పసుపుతిరిగిన చెక్క ఆలివ్‌లో కలిసిపోయి చప్పబడుతుంది, అక్కడ ముదురు గోధుమ చెక్క మేలు. లోహాల్లో ఇత్తడి, రాగి హాయిగా ఉంటాయి. నాచు రంగు గోడ మీద సన్నని నల్ల ఇనుప చట్రాలు కూడా పర్వాలేదు.

గుడ్డలు ఎంచుకునేటప్పుడు రంగుకంటే ముదురు, లేతల మధ్య తేడాని చూడండి. ఆలివ్ గోడ, ఖాకీ కర్టెన్, గోధుమ తోలు సోఫా... మూడూ ఒకే ముదురులో ఉంటే ఇల్లు సైనిక శిబిరంలా తయారవుతుంది. ఫోన్‌లో గది ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. అంతా ఒకే బూడిద ముద్దగా కనిపిస్తే ఒక బాగా లేత వస్తువు, ఒక బాగా ముదురు వస్తువు కావాలి. శుద్ధి చేయని నూలు రంగు కర్టెన్, జనపనార తివాచీ, కాల్చిన మట్టికుండ రంగు దిండు ఒకటి రెండు, ఇంతటితో చాలామంది గదులు కుదుటపడతాయి. మొక్కలు పెడితే లేత సేజ్ గోడ ముందు ముదురు ఆకులవి పెట్టండి. నిగనిగలాడే లేత ఆకులు ఆలివ్ గోడ ముందు ఉంటే మొక్క బాగుంటుంది, గోడ మాత్రం బురద రంగులోకి దిగిపోతుంది.

11. తేడా వస్తే

స్నానాల గదిలో కొత్త గోడ మీద గోధుమ రంగు జిగట చారలు దిగుతున్నాయంటే పెయింట్ చెడిపోలేదు. పూర్తిగా గట్టిపడకముందే ఆవిరి తగిలి, అందులోని నీటిలో కరిగే పదార్థాలు పైకి వచ్చాయి. తడిగుడ్డతో తుడిచేయండి, ఒకటి రెండుసార్లు వచ్చి ఆగిపోతుంది. మొదటి కొద్దిరోజులు అక్కడ వేడినీళ్ల స్నానం మానుకోగలిగితే అసలు రాకపోవచ్చు.

ముదురు మ్యాట్ గోడ మీద గోరు తగిలితే తెల్లగీత, తుడిస్తే ఆ చోట మెరుపు వస్తాయి. మ్యాట్‌లోని సుద్దలాంటి పదార్థం రాపిడికి బయటపడటం వల్ల ఇది జరుగుతుంది. మనుషులు రాసుకుంటూ నడిచే నడవాకి, పిల్లల గదికి మొదటే తక్కువ మెరుపున్న ఎగ్‌షెల్ లేదా శాటిన్ తీసుకోండి. శాటిన్ అయితే గోడ మరింత నున్నగా ఉండాలి, ప్రతి ఎగుడుదిగుడూ మెరుస్తుంది.

మరక పడిన చోట చిన్న బ్రష్‌తో దిద్దితే అతుకులా కనిపిస్తుంది. అదే డబ్బా, అదే షేడ్ అయినా సరే. దిద్దాల్సి వస్తే ఒక మూల నుంచి ఇంకో మూల దాకా గోడంతా ఒక కోటు వేయండి.

అంతా వేశాక రంగు మరీ గోధుమగా తోస్తే వెంటనే మళ్లీ వేయించకండి. ముందు బల్బులు మార్చి చూడండి, తర్వాత ఎర్రటి తివాచీనో కర్టెన్‌నో ఒక వారం బయటపెట్టండి. చాలాసార్లు గోడ తనంత తానే పచ్చగా కనిపిస్తుంది. అప్పటికీ లాభం లేకపోతే అదే పట్టీలో పచ్చదనం ఎక్కువున్న షేడ్‌తో ఒక్క కోటు సరిపోతుంది, అడుగున దగ్గరి రంగే ఉంది కాబట్టి.

గోడ చేతికి ఆరినట్టు అనిపించినా పూర్తిగా గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా సబ్బునీళ్లతో తుడవకండి, సోఫా గోడకి ఆనించకండి. మిగిలిన రంగులో అర లీటరు చిన్న గాజు సీసాలో అంచు దాకా నింపి, మూత బిగించి దాచండి. సీసా మీద షేడ్ కోడ్, బేస్ పేరు, బ్యాచ్ నంబరు, ఏ గది, ఏ తేదీ అని రాసిన చీటీ అంటించండి. మూత మీద ఆ రంగే ఒక చుక్క పెట్టండి.